డచ్ ఎ1 స్పీకింగ్ ఎగ్జామ్‌కి 'నార్ నేడర్‌లాండ్' ఫ్రీ ప్యాక్ సరిపోతుందా? నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, సరిపోతుంది. కానీ దాన్ని టెక్స్ట్‌బుక్‌లా మనసులో చదువుకుంటూ పోతే మాత్రం సరిపోదు, నోరు తెరిచి, గొంతు పెట్టి, పక్కింటివాళ్ళకి వినపడినా పర్లేదనుకుని మాట్లాడుతూ వాడితేనే పనికొస్తుంది. నేను నెదర్లాండ్స్ ప్రభుత్వం ఫ్రీగా ఇచ్చే ఈ ప్రిపరేషన్ ప్యాక్‌తోనే ప్రిపేరయ్యా, మధ్యలో ఒక ఆన్‌లైన్ కోచింగ్‌లో చేరా, తర్వాత ఒక అక్క దగ్గర విడిగా క్లాసులు చెప్పించుకున్నా. మూడూ వాడాను కాబట్టి దేనికి డబ్బు పెట్టాలి దేనికి పెట్టక్కర్లేదు అనేది గట్టిగానే చెప్పగలను. తెలుగులో దీని గురించి వివరంగా రాసినవాళ్ళు నాకెక్కడా దొరకలేదు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అసలు ఈ ఎగ్జామ్ ఎవరికి అంటే, నెదర్లాండ్స్‌లో ఉన్న భర్త దగ్గరికో భార్య దగ్గరికో ఫ్యామిలీ వీసా మీద వెళ్ళేవాళ్ళకి. ఎం.వి.వి. అని ఒక ఎంట్రీ వీసా ఉంటుంది, దానికి అప్లై చేసే ముందు ఇక్కడే, మన దేశంలో ఉండగానే, ఎ1 లెవెల్, అంటే అన్నిటికంటే మొదటి మెట్టు, డచ్ వచ్చని చూపించాలి. మనవాళ్ళలో చాలామందికి ఇలాంటి పరీక్ష ఒకటుందనే తెలీదు. కారణం ఏంటంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది హైలీ స్కిల్డ్ మైగ్రంట్ పర్మిట్ మీద ఉంటారు, ఆ పర్మిట్ ఉన్నంతకాలం వాళ్ళ భార్యాభర్తలకి ఈ పరీక్ష అక్కర్లేదు. అదే మనిషి అయిదేళ్ళు పోయాక పర్మనెంట్ రెసిడెన్సో డచ్ పాస్‌పోర్టో తీసుకుని అప్పుడు పెళ్ళి చేసుకుంటే, వచ్చే అమ్మాయికి పరీక్ష తప్పదు. మా ఇంట్లో అదే జరిగింది. మా ఆయన ఉండేది ఐండ్‌హోవన్‌లో, సంబంధం కుదిరే టైంకే ఆయనకి డచ్ పాస్‌పోర్ట్ ఉంది, ఆయన ఫ్రెండ్స్ భార్యలెవరూ ఈ పరీక్ష రాయలేదు కాబట్టి అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయికి సొంతిల్లుందా, జీతమెంత అని అడుగుతాం కదా, దాంతోపాటు ఇప్పుడు ఏ పర్మిట్ మీద ఉన్నారు అని కూడా అడగండి, నిజంగా చెప్తున్నా, నెలల తేడా వస్తుంది దాంతో.

పరీక్షలో మూడు ముక్కలుంటాయి. స్పీకింగ్, రీడింగ్, ఇంకోటి డచ్ సమాజం గురించిన పేపర్, దాన్ని కె.ఎన్.ఎస్. అంటారు. ఫీజు స్పీకింగ్‌కి 60 యూరోలు, రీడింగ్‌కి 50, కె.ఎన్.ఎస్.కి 40, మొత్తం 150. ఒకప్పుడు పరీక్షకే 350 యూరోలు, ప్రిపరేషన్ ప్యాక్‌కి ఇంకో 110 ఉండేదట, అది మరీ ఎక్కువని 2015లో యూరోపియన్ కోర్టు కూడా తప్పుపట్టింది. ఇప్పుడు ప్యాక్ ఫ్రీ. ఒక ముక్క పోతే ఆ ముక్కే మళ్ళీ రాసుకోవచ్చు, మిగతావి మళ్ళీ కట్టక్కర్లేదు. రీడింగ్, కె.ఎన్.ఎస్. గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, కె.ఎన్.ఎస్. అయితే వంద ప్రశ్నలు ముందే ఇచ్చేస్తారు, అందులోంచి ముప్పై వస్తాయి, ప్యాక్‌లో ఉన్న సినిమా చూసి ఫొటోల పుస్తకం తిరగేస్తే అయిపోతుంది. అందరూ భయపడేది స్పీకింగ్‌కే, భయపడాల్సిందీ దానికే.

ప్యాక్ నెదర్లాండ్స్ ప్రభుత్వం వాళ్ళదే, నార్ నేడర్‌లాండ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. నాకు అందులో బాగా నచ్చింది ప్రాక్టీస్ ఎగ్జామ్‌లు. స్పీకింగ్‌లో మొత్తం 24 ప్రశ్నలు, అర గంట. మొదటి 12లో స్క్రీన్ మీద ఒక మనిషి కనిపించి ప్రశ్న అడుగుతారు, మనం మైక్‌లో జవాబు చెప్పాలి. తర్వాతి 12లో సగం వాక్యం ఇస్తారు, మిగతా సగం మనం పూర్తి చేయాలి. అంతే. ఎదురుగా ఎగ్జామినర్ ఉండరు, తల ఊపేవాళ్ళు ఉండరు, కంప్యూటర్, హెడ్‌సెట్, మనం. ఈ ఖాళీగా ఉండే ఫీలింగ్‌కి అలవాటు పడటం సగం ప్రిపరేషన్ అని నేనంటాను. మామూలుగా మనం మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూసి, వాళ్ళకి అర్థమైందా లేదా అని చూసుకుంటూ మాట్లాడతాం, ఇక్కడ అదేం ఉండదు, స్క్రీన్ మీద ఆవిడ ప్రశ్న అడిగేసి ఆగిపోతుంది, ఆ నిశ్శబ్దంలో మనమే మొదలుపెట్టాలి మనమే ఆపాలి. ప్రాక్టీస్ ఎగ్జామ్‌లు అచ్చం అలాగే ఉంటాయి కాబట్టి పరీక్ష రోజు కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఒక ప్రశ్న ఎలా ఉంటుందో చెప్తా. ఆవిడ ముందు తన సంగతి ఒకటి చెప్తుంది, నేను రోజూ ఆరింటికి లేస్తాను అని, ఆ వెంటనే "హూ లాత్ స్తాత్ ఊ ఒప్?" అంటుంది, అంటే మీరెన్నింటికి లేస్తారు అని. దానికి "ఇక్ స్తా ఓమ్ సేవన్ ఊర్ ఒప్" అంటే చాలు, నేను ఏడింటికి లేస్తాను. ఇక్కడే చాలామంది తడబడతారు. అన్నీ చెప్పేద్దాం అని లేచి, కాఫీ తాగి, పూజ చేసి, బస్సెక్కి అని మొదలుపెడతారు, మధ్యలో మాట దొరక్క ఆగిపోతారు, ఆ గందరగోళంలో అసలు ఎన్నింటికి అనేది సరిగ్గా వినపడదు. ఇది ఎ1 పరీక్ష. అడిగినదానికి తగ్గ జవాబు వచ్చిందా, వినేవాళ్ళకి అర్థమైందా, అంతే కావాలి. చిన్న వాక్యం, కానీ పూర్తి వాక్యం. ఉత్త "సేవన్ ఊర్" అని వదిలేయకండి, అలాగని వ్యాసం కూడా వద్దు. ఒక్కోసారి ఒకే దాంట్లో రెండు అడుగుతారు, ఎక్కడికి వెళ్తారు, ఎవరితో వెళ్తారు అని, అప్పుడు రెండింటికీ చెప్పాలి, ఒకటి చెప్పి ఊరుకుంటే సగం జవాబే. ప్యాక్‌లో ఇలాంటివి బోలెడున్నాయి, ప్రతి ప్రశ్నకీ మీ సొంత జీవితంలోంచి ఒక్క జవాబు రెడీ చేసుకుని అదే పదేపదే చెప్పండి. నిజమైన జవాబే అవ్వాలని రూలేం లేదు. మీకు మామిడికాయ పప్పు ఇష్టమే కావచ్చు, దాన్ని డచ్‌లో చెప్పడానికి కుస్తీ పట్టకుండా "ఇక్ ఏత్ ఖ్రాఖ్ రెయ్స్త్", నాకు అన్నం తినడం ఇష్టం, అని చెప్పి ముందుకెళ్ళండి.

రెండో భాగం, వాక్యం పూర్తి చేసేది, నాకు ఇంకా కష్టమనిపించింది, కానీ ఒక పద్ధతి పట్టుకుంటే హాయిగా ఉంటుంది. సగం వాక్యం చివర వచ్చే చిన్న మాటని బట్టి మన సగం ఎలా కట్టాలో ఉంటుంది. "ఇక్ బ్లెయ్ఫ్ తౌస్, వంత్..." అని ఆగితే, నేను ఇంట్లోనే ఉంటా ఎందుకంటే అని, దానికి "ఇక్ బెన్ జీక్", నాకు ఒంట్లో బాలేదు, అని మామూలు వరసలోనే చెప్పొచ్చు. అదే "ఓమ్‌దత్" అని ఇస్తే క్రియ చివరికి పోవాలి, "ఇక్ జీక్ బెన్". ఇది మన తెలుగు వరసే కదా, మనకి క్రియ చివర్లోనే వస్తుంది, కాబట్టి ఇంగ్లీష్ పక్కన పెట్టి తెలుగులో ఆలోచిస్తే ఇది తేలిగ్గా వచ్చేస్తుంది. "దారోమ్", అంటే అందుకే అని వస్తే మాత్రం క్రియ ముందుకొచ్చి కర్త వెనక్కి పోతుంది, చలిగా ఉంది అందుకే కోటు వేసుకుంటా అనడానికి "దారోమ్ ద్రాఖ్ ఇక్ ఎన్ యస్". ఈ మూడు వరసలూ నోటికి వచ్చేదాకా చెప్తే రెండో భాగంలో చాలావరకు గట్టెక్కినట్టే. ప్యాక్‌లో ఉదాహరణలున్నాయి కానీ ఈ తేడా ఎందుకు అనేది అంత విడమరిచి ఉండదు, అది నాకు అక్క క్లాసులోనే అర్థమైంది.

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక, యూట్యూబ్‌లో పాత వీడియోలు. ఈ పరీక్ష 2006లో మొదలైంది, అప్పట్లో స్పీకింగ్ ఫోన్‌లో జరిగేది, వాక్యం విని అలాగే తిరిగి చెప్పడం, మాటకి వ్యతిరేక పదం చెప్పడం, చిన్న కథ విని మళ్ళీ చెప్పడం, ఇలా ఉండేది, మార్కులు కూడా కంప్యూటరే వేసేది. 2014 చివర్లో మొత్తం మార్చేశారు. కానీ ఆ పాత పద్ధతి టిప్స్ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కొందరు అవే చూసి వ్యతిరేక పదాల లిస్టులు బట్టీ పడుతున్నారు, పాపం అంత కష్టం ఉత్తినే పోతుంది. వీడియోలో ఫోన్ టెస్ట్ అన్న మాట వినిపిస్తే వెంటనే ఆపేయండి. అలాగే ఎ2, అంటే ఎ1 తర్వాతి మెట్టు, స్పీకింగ్ అని ఉంటే అది నెదర్లాండ్స్‌కి వెళ్ళాక అక్కడ రాసేది, దాని ఫార్మాట్ వేరు, దాంతో కలపకండి.

ఇక ప్యాక్‌లో లోటు. ఒకటే పెద్ద లోటు, మనం చెప్పింది సరిగ్గా ఉందో లేదో చెప్పేవాళ్ళు ఉండరు. మీరు చెప్పేది మీకు కరెక్ట్‌గానే వినిపిస్తుంది, అవతల డచ్ మనిషికి ఎలా వినిపిస్తుందో తెలీదు. దీనికి నేను చేసింది, ప్రతి జవాబూ ఫోన్‌లో రికార్డ్ చేసి, ప్యాక్‌లో ఉన్న డచ్ వాయిస్ ఒకసారి, నా వాయిస్ ఒకసారి, పక్కపక్కన పెట్టి వినడం. రాత్రి మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చాక, అక్కడికీ ఇక్కడికీ ఎండాకాలంలో మూడున్నర గంటలు చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా కాబట్టి మనకి బాగా పొద్దుపోయేది, అవే వాట్సాప్‌లో పంపేదాన్ని, ఆయన ఇది అర్థమైంది ఇది కాలేదు అని చెప్పేవారు. ఎందుకు తప్పో ఆయనకీ చెప్పడం రాదు, కానీ అర్థమైందా లేదా అన్న ఒక్క మాట చాలు నిజానికి, పరీక్షలో కావాల్సింది అదే.

ఇలా వింటుంటే మన తెలుగు నోటికి ఏది సులువు ఏది కష్టం అనేది బాగా తెలిసింది, ఇది ఇంగ్లీష్‌లో రాసిన ఏ గైడ్‌లోనూ దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మనకి కలిసొచ్చేవి చాలానే ఉన్నాయి. హ్రస్వం దీర్ఘం తేడా మనకి పుట్టుకతోనే వచ్చు. డచ్‌లో మన్ అంటే మగమనిషి, మాన్ అంటే చంద్రుడు, మనకిది అసలు సమస్యే కాదు. వాళ్ళ త, ద మన త, ద లాగానే పళ్ళకి దగ్గరగా పలుకుతాయి, ఇంగ్లీష్ అలవాటులో ట, డ అనేస్తాం చూడండి, అది మానేసి త, ద అనండి చాలు, సగం యాస అక్కడే సరవుతుంది. వాళ్ళ డబ్ల్యూ అక్షరం దాదాపు మన వ నే.

కష్టమైనవి మూడు. మొదటిది జి అక్షరం, గొంతులోంచి గీరుతూ వచ్చే శబ్దం. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఇది తెలిసిందే, పాతబస్తీలో ఖాన్ సాబ్, ఖరీబ్ అని దక్కనీ ఉర్దూలో పలుకుతారు కదా, ఆ ఖ. "ఖూత్" అంటే బాగుంది, "ఖ్రాఖ్" అంటే ఇష్టంగా, రెండూ ప్రతి రెండో జవాబులో వస్తాయి కాబట్టి ఈ ఒక్క శబ్దం పట్టుకుంటే చాలా లాభం. కోస్తా వైపు వాళ్ళు ఉర్దూ వచ్చిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే నేర్పమనండి. రెండోది యు అక్షరం, నోటి లోపల ఈ అంటూ పెదాలు మాత్రం ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టాలి. మర్యాదగా మీరు అనడానికీ, టైం చెప్పేటప్పుడు గంట అనడానికీ ఇదే కావాలి, పైన నేను ఊ, ఊర్ అని రాసింది మన లిపిలో వేరే దారి లేక. మూడోది నేను రికార్డింగ్‌లో వినేదాకా పట్టుకోలేనిది, మాట చివర మనం కలిపే ఉకారం. మన మాటలు చాలావరకు అచ్చుతోనే అయిపోతాయి కాబట్టి హల్లు దగ్గర నోరు ఆగదు, "ఖూత్" కాస్తా "ఖూతు" అవుతుంది, "బెన్" కాస్తా "బెన్ను" అవుతుంది. టకీమని కోసేసినట్టు ఆపడం ప్రాక్టీస్ చేయాలి.

టైం చెప్పడం మీద కూడా కొంచెం పని పెట్టండి. డచ్‌లో తీన్ అంటే పది, కానీ వాళ్ళు హాఫ్ తీన్ అంటే పదిన్నర కాదు, తొమ్మిదిన్నర. అంకెలు కూడా ఒకట్ల స్థానం ముందు, పదుల స్థానం తర్వాత చెప్తారు, ఇరవై ఒకటి అనడానికి ఒకటీ ఇరవై అన్నట్టు. వయసు చెప్పేటప్పుడు, ఇంటి నంబర్ చెప్పేటప్పుడు ఇది వస్తుంది, మీ వయసు, మీ పిల్లల వయసు, మీ ఇంటి నంబర్ ముందే తయారుగా పెట్టుకోండి.

ఇప్పుడు డబ్బు పెట్టే సంగతి. నేను చేరిన ఆన్‌లైన్ కోచింగ్ పేరు చెప్పను. బ్యాచ్‌లో చాలామంది, మేడమ్ స్లైడ్లు పెట్టి గ్రామర్ అంతా ఇంగ్లీష్‌లో చెప్పుకుంటూ పోయేవారు, క్లాస్ మొత్తంలో నా వంతు వచ్చి నేను నోరు విప్పేది ఒకటో రెండో వాక్యాలు. మేడమ్ మంచిగానే చెప్పేవారు, ఆవిడని అనడం లేదు, కానీ స్పీకింగ్ పరీక్షకి మాట్లాడించని క్లాస్ దేనికి? అంత ఫీజు దండగ అనే చెప్తా. అదే నెదర్లాండ్స్‌లోనే ఉంటూ విడిగా చెప్పే ఒక తెలుగు అక్క దొరికారు, వారానికి కొన్ని గంటలే, కానీ ఆ టైం అంతా నేనే మాట్లాడాలి, ఆవిడ వినాలి. క్లాస్ మొదలవగానే "ఏం తల్లీ, ఇవ్వాళ ఏం వండావో డచ్‌లో చెప్పు" అనేవారు, నేను తెలుగులోకి జారితే "అదంతా తర్వాత, ముందు డచ్‌లో కానివ్వు" అని ఆపేవారు. "అక్కా, ఆ మాట రావట్లేదు" అంటే "రాకపోతే వచ్చిన మాటతో చెప్పు, పరీక్షలో నేనుండను కదా" అనేవారు. ఈ ఒక్క అలవాటు నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. కాబట్టి డబ్బు పెట్టాలనుకుంటే బ్యాచ్‌లకి కాదు, మీరు మాట్లాడితే వినే మనిషికి పెట్టండి, అదీ ప్యాక్ అంతా ఒకసారి అయ్యాకే. మొదటి రోజు నుంచే ట్యూటర్ అక్కర్లేదు. ఫోన్ యాప్‌లు మాటలు నేర్చుకోడానికి బానే ఉంటాయి, బస్సులో, వంటింట్లో టైంపాస్‌గా వాడుకోండి, కానీ అవి ఈ పరీక్ష కోసం చేసినవి కావు, వాటి లెవెల్ పెరిగిందని ఇక్కడ పాస్ అవుతామనుకోవద్దు.

పరీక్ష ఎంబసీలో జరుగుతుంది, ముందు డూఓ అనే డచ్ విద్యా శాఖ ఆఫీసుకి ఫీజు కట్టాలి, తర్వాతే ఎంబసీలో అపాయింట్‌మెంట్. ఒరిజినల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి. నేను ఢిల్లీ వెళ్ళి రాశా, ముందురోజే చేరుకున్నా, హైదరాబాద్ నుంచి అదే రోజు పొద్దున ఫ్లైట్‌కి వెళ్ళే ప్లాన్ పెట్టుకోకండి, గొంతు అలిసిపోతుంది, బుర్ర పనిచేయదు. లోపలికి వెళ్ళాక వాల్యూమ్ సరిగ్గా ఉందో లేదో మొదట్లోనే చూసుకోండి, వినపడకపోతే అక్కడున్నవాళ్ళకి చెప్పండి. మైక్‌లో మామూలు గొంతుతో, పక్కగదిలో మనిషికి చెప్తున్నట్టు స్పష్టంగా మాట్లాడండి. మన ఆడపిల్లలు చాలామంది కొత్తచోట గొంతు తగ్గించేస్తారు, రికార్డ్ అయినదాన్ని ఎక్కడో కూర్చుని వినేవాళ్ళకి ఆ గొణుగుడు ఎలా అర్థమవుతుంది చెప్పండి. ఒక ప్రశ్న పోయిందనిపిస్తే దాన్ని అక్కడే వదిలేసి తర్వాతది వినండి.

రేటింగ్ అంటే ప్యాక్‌కి అయిదుకి నాలుగున్నర ఇస్తా, ఫ్రీగా ఇంత మంచి ప్రాక్టీస్ ఎగ్జామ్‌లు ఇస్తున్నందుకు. ఆ అర తగ్గించింది ఉచ్చారణ దిద్దేవాళ్ళు లేనందుకు. పాస్ అయిన రిజల్ట్ ఒక ఏడాది మాత్రమే చెల్లుతుంది, ఆ లోపలే ఎం.వి.వి.కి అప్లై చేయాలి. కాబట్టి డచ్ చదువుతూనే పక్కన మ్యారేజ్ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్ తీయించి అపోస్టిల్, అంటే అవి విదేశంలో చెల్లేలా ప్రభుత్వ ముద్ర వేయించే పని కూడా మొదలుపెట్టేయండి, పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉండి దిద్దించుకోడానికి తిరగాల్సి వస్తే దానికే బోలెడు టైం పడుతుంది. ఎవరైనా ఇప్పుడు ప్రిపేర్ అవుతుంటే అడగండి, రెండో భాగంలో ఏ వాక్యం దగ్గర ఆగిపోతున్నారో రాయండి, నాకు తెలిసినంతవరకు చెప్తా.